మెరుపు ఫీజు

డబ్బు పంపే ఆ చిన్న కొట్టులో గుమాస్తా దొంగతనం చేస్తున్నాడంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. అంత మర్యాదస్తుడు. కాజేసేటప్పుడు కూడా కుర్చీ వేసి, చల్లటి నీళ్లిచ్చి, చేత్తో రసీదు రాసిచ్చి మరీ కాజేస్తాడు.

పద్ధతి చాలా సులువు. బ్యాంకు ఖాతాలోకి డబ్బు క్షణంలో చేరాలంటే ఫీజు వంద. మర్నాడు చేరితే చాలనుకుంటే పది. వచ్చినవాళ్లందరికీ క్షణంలోనే చేరాలి, పాపం! అతను వంద తీసుకుంటాడు, పది రకంలో పంపుతాడు, తొంభై జేబులో వేసుకుంటాడు. ఇంకా చేరలేదేమని ఎవరైనా గోల చేస్తే "సర్వర్ బిజీ" అంటాడు. ఆ సర్వర్‌కి అంత తీరిక లేని పనేమిటో ఎవరూ అడగరు. ఆరేళ్లుగా అతని ఇంటి అద్దె కడుతున్నది ఆ మహాతల్లే. "క్షణంలో పంపిస్తా" అని రోజుకు నలభైసార్లు అంటాడు గనుక, జనం ముద్దుగా మెరుపు అని పిలుస్తారు.

నిన్న మూడింటికి ఒక ముసలావిడ వగరుస్తూ వచ్చింది. చేతిలో ఖాతా నంబరు రాసిన కాగితం, సంచిలో లక్షన్నర.

"బాబూ, నా మనవడికి యాక్సిడెంట్ అయిందంట! ఆస్పత్రి నుంచి డాక్టరు ఫోన్ చేశాడు. గంటలో డబ్బు పడకపోతే ఆపరేషన్ చెయ్యరంట. నీకు పుణ్యముంటుంది, వెంటనే పంపు నాయనా!"

"కంగారు పడకండి పెద్దమ్మా. పెద్ద మొత్తం కదా, ఫీజు రెండొందలవుతుంది. ఇలా నొక్కితే అలా వెళ్లిపోతుంది."

ఆవిడ చిల్లర కూడా ఏరి ఇచ్చింది. మెరుపు వేలు ఒక్క క్షణం తటపటాయించిన మాట నిజమే. తర్వాత అలవాటు కొద్దీ పది రకం మీదే పడింది. నూట తొంభై మిగిలాయి. ఆ బాధకి ఇంట్లో అతనికి అన్నం సహించలేదు. మూడోసారి వడ్డించుకోలేదు.

ఇవాళ పదకొండింటికి షట్టర్ ఎత్తుతుండగా జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టర్ దిగాడు. వెనకే ఆ ముసలావిడ. కళ్లు ఎర్రగా వాచిపోయి, కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

మెరుపుకి అంతా అర్థమైపోయింది. మనవడు పోయాడు! వాళ్లు గంటలో కట్టమంటే తను ఇరవై గంటలు చేశాడు.

"నిన్న ఈవిడ ఇచ్చిన లక్షన్నర పంపింది నువ్వేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేనే సార్."

"వెంటనే వెళ్లాల్సిన డబ్బు ఈ పొద్దుటిదాకా వెళ్లలేదని బ్యాంకు వాళ్లు చెప్పారు. ఎందుకు వెళ్లలేదో నీ నోటితోనే విందామని వచ్చాం."

సర్వర్ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముసలావిడ మొహం చూశాక బయటికి రాలేదు. మెరుపు కౌంటర్ దాటి వచ్చి ఆవిడ కాళ్ల మీద పడ్డాడు.

"నేనే చంపేశానమ్మా మీ మనవణ్ణి! ముష్టి నూట తొంభైకి కక్కుర్తి పడ్డాను!"

ఆవిడ ఏదో అనబోయింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపాడు. తనంతట తాను చెప్పుకుపోయేవాడికి అడ్డు తగలకూడదని ఏ పోలీసుకైనా తెలుసు. నోటుబుక్ తీశాడు.

మెరుపు ఆరేళ్లదీ కక్కేశాడు. రోజుకు ఎంతమంది, నెలకు ఎంత మిగిలేది, అసలు లెక్కల పుస్తకం ఏ సొరుగులో ఉంది, అన్నీ చెప్పాడు. ఎవరూ అడక్కుండానే ఆ సొరుగు తాళంచెవి కూడా చేతిలో పెట్టాడు. రాసిందాని కింద సంతకం చేశాక, ఏడుపులోనే మనసు కాస్త తేలికపడింది.

"ఉరి తీసినా నాకు అభ్యంతరం లేదు సార్," అన్నాడు వెక్కుతూ.

ముసలావిడ సంచిలోంచి సగం తీసిన కవరును మెల్లగా మళ్లీ లోపలికి తోసేసింది.

"ఆ మనవడు ఇంట్లో గుండ్రాయిలా ఉన్నాడయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నోటుబుక్ మూస్తూ. "ఆ ఫోన్ చేసినవాడు పచ్చి మోసగాడు, నీ ఆలస్యం వల్లే డబ్బు వాడికి చేరకుండా ఆపగలిగాం, నువ్వు అనుమానం వచ్చి కావాలనే ఆపావనుకుని ఈవిడ సంతోషం పట్టలేక ఏడుస్తూ నీకు ఐదు వేలు బహుమతి ఇస్తానంటే, నేను తోడు వచ్చాను."