కీబోర్డు మీద గ్రీజు

దుర్గ గదిలోకి అడుగు పెట్టిందో లేదో, కోటి టక్కున కంప్యూటర్ కట్టేశాడు.

"ఏంటండీ అది?"

"ఏం లేదే. క్రికెట్ స్కోరు."

"ఇవాళ మ్యాచ్ ఎక్కడుంది?"

"అదే... ఉందో లేదో చూశా" అంటూ బండేసుకుని ఆటోనగర్‌లోని తన మెకానిక్ షెడ్డుకి పరిగెత్తాడు. కంచంలో అన్నం సగం అలాగే ఉంది.

నాలుగు నెలలుగా ఇదే వరస. పెళ్లయిన దగ్గర్నుంచీ క్యారేజీ పట్టుకుపోయే మనిషి, ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తున్నాడు. వచ్చి తిన్నగా తింటాడా? చేతులైనా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూలబడతాడు. కీబోర్డు నిండా గ్రీజు మరకలు. దుర్గకి ఒళ్లు మండిపోతోంది.

నిజానికి ఆ కంప్యూటర్‌లో దుర్గ గుట్టు కూడా ఒకటుంది. రెండేళ్లు కూర్చుని నవల రాసి, 'నీలవేణి' అనే కలంపేరుతో ఓ పుస్తకాల సైటులో పెట్టింది. ఎవరైనా ఊరికే డౌన్‌లోడ్ చేసి దించుకోవచ్చు. కోటికి మాత్రం చెప్పలేదు. పడీపడీ నవ్వుతాడని భయం. దించుకున్న సంఖ్య వందకి చేరితే మొగుడికి చెప్పి రెండో నవల మొదలుపెట్టాలి, చేరకపోతే ఈ రాతలకో దణ్ణం పెట్టేయాలి. అలా అని ఒట్టు పెట్టుకుంది. దేవుడి దయవల్ల రోజుకొకటి చొప్పున పెరుగుతూనే ఉంది. ఇద్దరూ మైలవరం పెళ్లికెళ్లిన మూడ్రోజులు మాత్రం అంకె కదల్లేదు. పెళ్లిళ్ల రోజులు, జనానికి చదివే తీరికెక్కడిదిలే అని సరిపెట్టుకుంది.

ఆ సంతోషం కూడా మిగలనిచ్చేలా లేడు ఈయన. మొన్నయితే కంప్యూటర్ ముందు నుంచి కళ్లెర్రగా లేచాడు.

"ఏడ్చారా?"

"ఛ! నలక పడింది."

ఎవత్తి కోసం ఈ ఏడుపు? ఆగలేక పక్కింటి గుల్షన్‌తో చెప్పుకుంది.

"నీదంతా అమాయకత్వం దుర్గక్కా! డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడు. ఏం దించినా అందులోనే పడుద్ది. బండారమంతా బయటికొస్తది."

మర్నాడు పొద్దున సైటు చూసింది. తొంభై ఏడు. ఇంకా మూడే! కానీ మనసు నిలవలేదు. కోటి వచ్చేలోగా ఫోల్డర్ తెరిచింది.

పై నుంచి కింది దాకా ఒకటే ఆడపేరు. నీలవేణి. పక్కన ఒకటి, రెండు, మూడు అంటూ నంబర్లు.

"చూసేశావా?"

గుమ్మంలో కోటి.

"నవ్వకే! నువ్వోసారి తెరిచి వదిలేసిన పేజీలో కనపడింది. షెడ్డు మేస్త్రీ నవలలు చదువుతున్నాడంటే నలుగురూ ఏమనుకుంటారు? రోజుకి నాలుగు పేజీలు, అంతే. మొన్న కథలో ఆ చెల్లెలు పోయినప్పుడు మాత్రం ఏడుపాగలేదు. రాసింది ఎవరో గానీ మహాతల్లి!"

దుర్గ ఫోల్డర్ వైపు వేలు చూపించింది. "మరి... ఇన్నిసార్లు ఎందుకు దించారు?"

"నిన్నటిది ఎటుపోయిందో తెలిసి చస్తేగా! చదవాలనుకున్నప్పుడల్లా మళ్లీ దించుకోవడమే."

దుర్గ ఫోల్డర్ అడుగున చూసింది. మొత్తం ఫైళ్లు తొంభై ఏడు.

నీలవేణి పాఠకులంతా గ్రీజు చేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.