ఇంకొక్క శుక్రవారం

ప్రకటనలు వస్తున్నప్పుడు కూడా వెర్నీస్ టీవీ మీంచి చూపు తిప్పలేదు. ముందున్న కోడి రెక్కలు చల్లారిపోయాయి. బస్సు డ్రైవరు యూనిఫాం విప్పకుండానే డిపో నుంచి తిన్నగా బారుకి వచ్చింది. బాల్టిమోర్‌లో ఆడవేషం కట్టేవాళ్ళంతా శుక్రవారం సాయంత్రం చేరేది ఇక్కడే.

టీవీ పోటీ కొత్త సీజన్ ఇవాళే మొదలు. ఆడవేషం కట్టిన మగవాళ్ళు పన్నెండుమంది. వారానికొకళ్ళు ఓడి ఇంటికి. ఆ పన్నెండుమందిలో ఒకడు వెర్నీస్ కొడుకు కోర్డెల్. వేదిక మీద పేరు వెర్నీస్ వెల్వెట్.

"నా పేరు పెట్టుకుని, మోకాళ్ళపైకి ఆ గౌనేమిట్రా," అని గొణిగింది.

పక్కనున్న టాంజీ నవ్వబోయి మానుకుంది. కోర్డెల్‌కి మొహానికి రంగు వేసుకోవడం నేర్పింది ఆ ఆరడుగుల మనిషే. వేషంలో ఉన్నంతసేపూ అందరికీ అక్క.

షూటింగ్ కిందటి సెప్టెంబరులోనే అయిపోయింది. ముందే ఓడినవాళ్ళనీ చివరిదాకా హోటల్లోనే ఉంచారట, కోర్డెల్ ఎన్నాళ్ళకి తిరిగొచ్చాడో లెక్కపెట్టినా ఎంతదాకా నెగ్గాడో తెలియలేదు. కోర్డెల్ కన్నతల్లికి కూడా చెప్పలేదు.

"చెప్తే టీవీవాళ్ళు కోర్టుకీడుస్తారమ్మా. టీవీలోనే చూసుకో," అన్నాడు, ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుని. ఎంత బతిమాలినా అదే మాట.

"నీకైనా చెప్పాడా టాంజీ?" నాలుగోసారి అడిగింది వెర్నీస్.

"ఒట్టమ్మా. నా దగ్గరా నోరు విప్పలేదు."

ప్రకటనలయ్యాయి. ఈసారి నేల మీద జీరాడే గౌను. దాని అంచు చెప్పు మడమకి చిక్కి కోర్డెల్ తూలాడు. జడ్జీలు పెదవి విరిచారు. చివరి ఇద్దరిలో నిలబెట్టేశారు.

వెనక బల్ల దగ్గరున్నవాడు ఈ బారుకి కొత్త. గ్లాసెత్తి, "ఈ వెల్వెట్‌కి మూడింది. ఇవాళే ఇంటికి పంపేస్తారు," అన్నాడు.

వెర్నీస్ వెనక్కి తిరగలేదు. "ఎవరింటికి బాబూ పంపేది?"

టాంజీ వాడి వైపు చూసి పెదాల మీద వేలు పెట్టింది.

పాట మొదలైంది. పాటకి పెదాలు కలుపుతూ ఇద్దరూ ఆడాలి. ఓడినవాళ్ళు వెళ్ళిపోవాలి. వెర్నీస్ చేతులు జోడించింది.

"ప్రభువా, కిరీటం నాకొద్దు. ఎవరికైనా ఇచ్చుకో. ఇంకొక్క వారం. ఒక్కటంటే ఒక్కటి."

కోర్డెల్ మోకాళ్ళ మీద జారుతూ ముందుకొచ్చాడు. కెమెరా మొహం దగ్గరికి వెళ్ళింది. గడ్డం మీద మచ్చ, ఎంత రంగు పూసినా కనిపిస్తూనే ఉంది. ఆరేళ్ళప్పుడు సైకిలు మీంచి పడ్డాడు.

వెర్నీస్ లేచి టీవీ ముందుకెళ్ళి నిలబడింది. అడ్డం తప్పుకోమని ఎవరూ అనలేదు.

"పెట్టుడు రెప్ప ఊడుతోంది, చూసుకో నాన్నా," అంది.

పాట ఆగింది. పోటీ నడిపే ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎంతకీ నోరు తెరవదే.

"వెర్నీస్ వెల్వెట్... నువ్వు పోటీలో ఉన్నావు."

బారంతా కప్పెగిరిపోయేలా అరిచారు. టాంజీ ఆమెని రెండు చేతులా పొదివి పట్టుకుని, మొహం మీది రంగంతా కారిపోయేలా ఏడ్చింది.

"వచ్చే వారం సెలవు పెట్టేస్తా," అంది వెర్నీస్, కళ్ళు తుడుచుకుంటూ. "ముందు కుర్చీ నాకే ఉంచండి."

క్రిస్మస్‌కి ముందు ఆమె తన చేత్తోనే ఎవరి సమాధి మీద మట్టి వేసి వచ్చిందో ఆ కొడుకు, వచ్చే శుక్రవారం ఎనిమిదింటికి మళ్ళీ వస్తాడు.