చింతగింజల జిగురు

"జిగురు ఎవరు ముట్టిండ్రే? చింతగింజలు నూరి గిన్నె నిండా ఉడకబెట్టిన!" కట్టెబొమ్మలు చేసే విఠల్ మళ్లీ అరిచాడు.

"పిల్లి మూతి పెట్టిందేమో," అంది భార్య యశోద.

"పిల్లి జిగురు తింటదా? బొమ్మల చేతులు దేనితోని అతకాలె? రేపు బాసర జాతరోళ్లు మన నిర్మల్ కోట చూడనీకి వస్తరు. నాలుగు బొమ్మలు అమ్ముడైతేనే మనకింత గంజి!"

యశోద కొంగు చాటునున్న చిన్నబిడ్డ పెదవుల చుట్టూ జిగురు ఎండి ఉంది.

విఠల్ గొంతు దిగిపోయింది. "తిన్నవా, బిడ్డా?"

"అమ్మ ఉప్పేసి ఇచ్చింది, బాపూ. అందరం తిన్నం."

అతను ఉలి కింద పెట్టేశాడు.

"కోట కట్టిననాటి సంది మనది గిదే పని గదరా," అంది అతని ముసలి తల్లి భయంగా.

విఠల్ అందరినీ ఒకసారి చూశాడు.

"మిగిలిన గింజలు గూడ ఉడకబెట్టు, యశోదా. నాకిగ జిగురు అక్కర్లే. రేపు బెల్లంపల్లి బొగ్గుబాయి పనికి పోతున్న."