జెండా వందనంలో ఏడుపు

“అవ్వా, ఆ పిల్లాడి నోరు మూయిస్తావా, ఇద్దర్నీ గేటు అవతల కూర్చోబెట్టమంటావా?”

చేతికి నలుపు, ఎరుపు, ఆకుపచ్చ పట్టీ కట్టుకున్న వాలంటీరు కరీసా వచ్చి గద్దించడం ఇది మూడోసారి. హబోనా వీపున లేసో గుడ్డలో కట్టుకున్న ఆరునెలల మనవడు జిలో, మొంబాసా మైదానమంతా తనొక్కడిదే అన్నట్టు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

“పళ్లొస్తున్నాయి నాయనా. నీకొచ్చినప్పుడు మీ అమ్మ ఎన్ని పాట్లు పడిందో అడుగు, చెబుతుంది,” అంది హబోనా.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. కరీసా మొహం గంటు పెట్టుకున్నాడు.

“నవ్వండి, నవ్వండి! ఇంకాసేపట్లో మన కెన్యా జెండా మొట్టమొదటిసారి ఎక్కుతుంది. మన జాతీయగీతం పాడతారు. పెద్దపెద్దోళ్లు, పేపరోళ్లు అందరూ వచ్చి కూర్చున్నారు. పాట మొదలైతే ఎక్కడివాళ్లక్కడ కొయ్యబొమ్మల్లా నిలబడాలని ఆర్డరు. అప్పుడు కూడా వీడు ఇలా కచేరీ పెడితే నా పరువేం కావాలి?”

“నీ పరువు తీసుకెళ్లి పాలుతాగే పిల్లాడి నోట్లో పెట్టావేంటి బాబూ!”

మళ్లీ నవ్వులు. పైకి అలా అంది గానీ హబోనా వెనక్కి చెయ్యి పెట్టి పిల్లాణ్ణి జోకొడుతూనే ఉంది. తానా నది ఒడ్డు నుంచి ఈ జెండా కోసమే బస్సెక్కి మొన్న కూతురింటికి వచ్చింది. కూతురు రాహేల్ నర్సుల వరసలో కవాతు చేయాలి కాబట్టి పిల్లాణ్ణి తల్లికి అప్పగించి వెళ్లింది. గేటు అవతలికి పోతే ఎత్తు గోడ తప్ప ఏమీ కనిపించదు. జెండా పైకి వెళ్లడం కళ్లారా చూడకుండా ఊరికెళ్లి ఏం చెప్పాలి? మరోసారి వద్దామంటే స్వాతంత్ర్యం ఏటేటా వచ్చేది కాదాయె.

పక్కనున్న సల్హాకి జాలేసింది. కొబ్బరిబోండాం నీళ్లు రెండు చుక్కలు వాడి నోట్లో వేసింది. వాడు ఆ రెండు చుక్కలూ ఆవిడ నల్ల బురఖా మీదే ఉమ్మేశాడు.

“ఇంటి దగ్గర ఏం చేస్తావక్కా వీడికి?”

“ఇంటి దగ్గరయితే ఈపాటికి నిద్రపుచ్చేసేదాన్ని. ఇంతమంది పెద్దమనుషుల్లో జోలపాటకి నోరు పెగలట్లేదమ్మా.”

ముందు వరసలోని లావుపాటి మనిషి వెనక్కి తిరిగాడు. జేబులోంచి తాళాలగుత్తి తీసి జిలో ముందు గలగలలాడించాడు. వాడు ఆయన మీసాలు చూసి జడుసుకుని ఇంకో స్థాయి పెంచాడు.

“ఏ ఊరవ్వా మీది?” అన్నాడాయన నొచ్చుకుని.

“తానా ఒడ్డు.”

“ఓహో, పడవలోళ్లా! జెండా మీద డాలు పెట్టారు, ఈటెలు పెట్టారు. పాపం, మీ తెడ్డు పెట్టడం మర్చిపోయారే!”

“మర్చిపోలేదులే నాయనా. పెడితే నువ్వు దాంతో మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద కలిపేసుకుంటావని భయపడ్డారు.”

ఆయన తాళాలు జేబులో వేసుకుని బుద్ధిగా ముందుకు తిరిగిపోయాడు. సల్హా నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంది.

“కొత్త జాతీయగీతం ఎంత బావుందనుకున్నావక్కా! రేడియోలో వేస్తున్నారు, విన్నావా?”

“మా అమ్మాయింట్లో రేడియో ఎక్కడిది తల్లీ? ఇక్కడే వినాలి, విననిస్తే.”

విననిచ్చేలా లేడు కరీసా. వరసలు తోసుకుంటూ వచ్చి ఈసారి నేరుగా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఇక లాభంలేదు, పద.”

“బాబ్బాబు, ఒక్కసారి చూసి పోతాను. ఒక్కసారి!”

“రేపు తీరిగ్గా వచ్చి చూసుకో. ఎక్కడికీ పోదు.”

“ఎక్కేటప్పుడు చూడాలి నాయనా, ఎక్కాక కాదు!”

అతను లాగాడు. ఆమె కాళ్లు నేలకి తన్నిపట్టింది. అయినా రెండడుగులు ఈడ్చాడు. మూడో అడుగు పడబోతుండగా మైకులో “అటెన్షన్!” అని పెద్ద కేక వినిపించింది. డప్పులు ఉరిమి బ్యాండు మొదలైంది.

కరీసా కొయ్యబొమ్మయిపోయాడు. ఇంతసేపూ అందరికీ చెప్పిన ఆర్డరు ఇప్పుడు తనకే చుట్టుకుంది. మోచెయ్యి పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. కదలడానికి లేదు, తిట్టడానికి లేదు. గుడ్లు మాత్రం ఉరుముతున్నాడు.

బడిపిల్లలు గొంతెత్తి పాట అందుకున్నారు. హబోనా చెవులు రిక్కించింది. మొదటి చరణం సగానికి రాకముందే ఆమె పెదాలు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. స్తంభం మీద నలుపు, ఎరుపు, ఆకుపచ్చ మెల్లగా పైకి పాకాయి. సముద్రపు గాలి ఒక్క ఊపు ఊపింది. నడుమ డాలూ, రెండు ఈటెలూ ఎండలో మెరిశాయి. కళ్లకు నీళ్లు అడ్డం పడుతుంటే తుడుచుకుని తుడుచుకుని చూసింది. చూసింది! ఇక ఎవరు గెంటేసినా ఫరవాలేదు.

పాట ముగిసింది. “ఉహురూ! ఉహురూ!” అంటూ స్వాతంత్ర్యం వచ్చిందని జనం మైదానం దద్దరిల్లేలా అరిచారు. టోపీలు గాల్లోకి లేచాయి. లావుపాటి మనిషి పక్కవాణ్ణి అమాంతం ఎత్తి తిప్పేస్తున్నాడు. సల్హా గొంతెత్తి లలలల అని సంబరపు కేక పెట్టింది.

కరీసా అప్పుడు మోచెయ్యి వదిలాడు. ఏదో తేడాగా తోచింది. వంగి లేసో గుడ్డలోకి తొంగి చూశాడు. ఆ హోరులో జిలో నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ ఆదమరిచి నిద్రపోతున్నాడు.

“ఏం పెట్టావవ్వా వీడికి? నల్లమందు గానీ నాకించావా?”

హబోనా ఏడుస్తూనే నవ్వింది.

“నేనేం పెట్టలేదు నాయనా. మా తానా ఒడ్డున తల్లులం ఎప్పట్నుంచో ఈ రాగంతోనే పిల్లల్ని పడుకోబెడుతున్నాం. ఇవాళ అదే రాగానికి దేశం దేశమంతా లేచి నిలబడింది!”