వాయని వేలు

రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళందరి భుజానా చలవపట్టీ ఉంటుంది. అది ఉంటే ఒంట్లో వాపూ, ఎరుపూ, నొప్పీ రావు. అది లేనివాళ్ళకి షెడ్డు గేటు తెరుచుకోదు.

నాలుగు రోజుల కిందట అక్కడే పనిచేసే నూకరత్నం వేల్లో రొయ్య ముల్లు దిగింది. వేలు వాయలేదు గానీ గోరు పక్కన నల్లబడుతోంది. ఆదివారం పొద్దున బెండకాయలు తరుగుతూ పదిసార్లు చూసుకుంది.

"వాయలేదుగా అత్తా, ఏం కాదులే."

"వాయలేదనే నా భయం," అంది మంగాయమ్మ పసుపు నూరుతూ. "దొంగ దూరితే కుక్క మొరగాలి. మీరు కుక్క మూతికి గుడ్డ కట్టి, ఇల్లు ప్రశాంతంగా ఉందంటున్నారు."

"పట్టీ తీస్తే రేపు పనిలోకి రానివ్వరు."

"వేలు పోతే రొయ్యలు దేంతో వలుస్తావే, ముక్కుతోనా?"

నూకరత్నానికి నవ్వు రాలేదు. గుమ్మం దాకా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి పళ్ళు బిగించి పట్టీ పీకేసింది.

మధ్యాహ్నానికల్లా వేలు వేడెక్కి, ఎర్రగా ఉబ్బింది.

"అమ్మో అత్తా, ఒకటే సలుపు!"

"సలపనీ. ఇప్పటికి లేచింది ఒళ్ళు. పద ఆస్పత్రికి."

నూకరత్నం చెప్పులేసుకుని, రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి పక్కింటి తలుపు దబదబా బాదింది.

"వదినా, మొన్న నీకూ ముల్లు దిగిందిగా? ముందా పట్టీ పీకు!"