మోవాట్ ఎవరు?

"పేరు మారదు. మోవాట్, అంతే," అంది ఎల్‌స్పెత్ మంచం మీంచే.

అత్తగారు గ్రిజెల్ ఉయ్యాల పక్కనుంచి చివాల్న లేచింది.

"పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం మన ఆనవాయితీ. మీ మామగారి పేరుకేం తెగులొచ్చింది? రోడ్రిక్ అంటే నోరు నొస్తుందా?"

"రెండోవాడికి పెట్టుకుందాం అత్తయ్యా."

"అసలీ మోవాట్ ఎవడే?"

"మోవాట్ లేకపోతే నేనూ లేను, మీ మనవడూ లేడు. అంతకుమించి అడక్కండి. ఒట్టేశాను."

మేలు చేసిన మనిషి ఇంటిపేరును మగపిల్లాడికి పేరుగా పెట్టడం స్కాట్లండులో మామూలే. డాక్టర్ల పేర్లతో, పడవల యజమానుల పేర్లతో రేవు నిండా పిల్లలున్నారు.

కానీ ఆ మనిషెవరో ఊరికి తెలియాలి.

ఎల్‌స్పెత్ పురిటికి కొండల్లోని పుట్టింటికి వెళ్లింది. మొగుడు ట్యామ్ అప్పుడు చేపల వేటలో ఉన్నాడు. మంచుకి దారులు మూసుకుపోయి డాక్టరు రాలేకపోయాడు. చివరికి ఆమె ఒక బిడ్డతోనూ, ఎవరికీ తెలియని ఒక పేరుతోనూ తిరిగొచ్చింది.

ఊరికి ఇంకేం కావాలి? చేపలు కోసే ఆడవాళ్ల దగ్గర కత్తులకన్నా నాలుకలే జోరుగా ఆడుతున్నాయి.

ట్యామ్ మాత్రం పెళ్లాన్ని నమ్మాడు. కాకపోతే ఈ మధ్య రేవులో ఎవరి మొహమూ చూడకుండా నడుస్తున్నాడు. ఆ పేరుకి అర్థం కూడా పాదిరిగారిని అడిగొచ్చాడు.

"ఎత్తయిన కొండ అని అర్థమటమ్మా. ఎప్పుడో ఫ్రాన్సు నుంచి వచ్చిన దొరల ఇంటిపేరట."

"కొండ సంగతి సరే. ఆ కొండ మీద ఎవడున్నాడో కనుక్కో ముందు!"

ఎల్‌స్పెత్ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"పాదిరిగారు అడిగితే ఏ పేరు చెప్తావు?"

"మోవాట్," అన్నాడు ట్యామ్.

బాప్తిస్మానికి తల్లి వెళ్లే ఆనవాయితీ లేదు. నాయనమ్మే బిడ్డను ఎత్తుకుంది. రొట్టె, జున్ను తెల్లగుడ్డలో మూటకట్టింది. దారిలో ఎదురైన మొదటి ఆడమనిషికి ఆ మూట ఇవ్వాలి. ఆవిడ మగబిడ్డను దీవించి, కాస్త దూరం వెంట నడవాలి.

వంతెన దగ్గర గ్రిజెల్‌కీ ట్యామ్‌కీ ఒక ముసలావిడ ఎదురైంది. ఒంటి మీద మగవాళ్ల కోటు. బూట్ల నిండా బురద.

"పోయి పోయి ఈవిడా!" అని గొణిగింది గ్రిజెల్. అయినా ఆనవాయితీ తప్పదు కదా, మూట ఇచ్చింది.

ముసలావిడ బిడ్డ మొహం మీది శాలువా తొలగించి చూసింది.

"చల్లగా ఉండు నాన్నా. బాగా ఒళ్లు చేశాడు! ఏం పేరు పెడుతున్నారమ్మా?"

"బాప్తిస్మం కాకముందు పేరు పైకి అనకూడదు. కానీ నా కడుపుమంట ఆగదు. మోవాట్ అటమ్మా! ఎవడో ఏమిటో మా కోడలు చెప్పదు. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాం."

ముసలావిడ నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"ఆ పిల్లని అంతంత మాటలంటున్నారా?"

"అనరూ మరి!"

ఆవిడ ట్యామ్ వైపు తిరిగింది.

"నాయనా, నీ పెళ్లాం ఈ ఊళ్లోనే బతకాలి. ఆ పేరు వద్దు. మీ నాన్న పేరే పెట్టు."

ట్యామ్ తల అడ్డంగా ఊపాడు. "మాటిచ్చానండీ."

"నువ్వు మాట తప్పితే నాలుగురోజులు ఏడుస్తుంది. ఈ నింద మోస్తే బతుకంతా ఏడుస్తుంది. నా మాట విను."

"దారినపోయే మనిషికున్న బుద్ధి నీకు లేకపోయిందిరా!" అంది గ్రిజెల్.

చర్చిలో పాదిరిగారు పేరు అడిగారు. ట్యామ్ ఒకసారి తల్లి వైపు చూశాడు.

"రోడ్రిక్," అన్నాడు చివరికి.

బిడ్డ నుదుట నీళ్లు పడ్డాయి. ఇక ఆ పేరు మార్చడానికి లేదు.

ఇంటికొచ్చాక సంగతి విన్న ఎల్‌స్పెత్ అరవలేదు. బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.

"చర్చిలో మీ మాట నెగ్గింది. నేను మాత్రం వీణ్ణి చచ్చేదాకా మోవాట్ అనే పిలుస్తాను. ఊరు ఎన్నయినా అనుకోనీ."

"నీకన్నా ఆ ముసలావిడ నయమే!" అంది గ్రిజెల్. " మగాళ్ల కోటు తొడుక్కుని, బురదలో పడి నడిచొచ్చినా ఎంత చక్కగా చెప్పింది, ఆ పేరు వద్దని! బిడ్డ ఒళ్లు చేశాడని మురిసిపోయింది కూడాను."

ఎల్‌స్పెత్ చటుక్కున తలెత్తింది.

"మగాళ్ల కోటా? ఎటు వెళ్లింది?"

"కొండదారిన. ఎప్పుడో వెళ్లిపోయింది. ఏం?"

ఎల్‌స్పెత్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను, వినండి. లైసెన్సు లేని మంత్రసాని కాన్పు చేస్తే నేరం. ఒకసారి పట్టుబడింది కూడా, మళ్లీ దొరికితే జైలే. అయినా నా కేకలు విని ఆ మంచులో వచ్చింది."

"ఎవరే వచ్చింది?" అన్నాడు ట్యామ్.

"మీ అమ్మ ఇందాక ఎవరి చేతిలో రొట్టె పెట్టిందో ఆవిడే, మోవాట్."