ఇద్దరి రిపోర్టులు

హనుమకొండలోని ఒక విత్తనాల కంపెనీలో రెండు కంప్యూటర్లు ఉండేవి. ఒకదాని మీద ఇందుమతి, ఇంకొకదాని మీద లింగమూర్తి పనిచేసేవారు.

1988లో కొత్త యంత్రం వచ్చింది. అది ఒక్కటే అయినా, లోపల రెండు కంప్యూటర్లు ఉన్నట్టుగా రెండు పనులు విడివిడిగా నడుపుతుంది. రోజువారీ పనిని దాని మీద పెట్టవచ్చో లేదో నెలరోజులు పరీక్షించి, చెరొక రిపోర్టు రాయమన్నాడు మేనేజరు.

నెలలో ఆ యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. లింగమూర్తికి భయం పట్టుకుంది.

"అక్కా, ఇగ ఒక్క మనిషే చాలంటరు. కొత్తోన్ని, నన్నే తీసేస్తరు. మధ్యల ఆగుతాందని ఇద్దరం రాద్దాం. జర నా కోసం."

పదేళ్ల సర్వీసులో ఇందుమతి అబద్ధం రాయలేదు. ఆ రోజు రాసింది: 'రెండుసార్లు ఆగింది. నమ్మలేం.'

మర్నాడు మేనేజరు ఆమెను పిలిచాడు.

"గింత సీనియర్‌వు, తప్పుడు రిపోర్టు ఎట్ల రాసినవమ్మా? రేపటి సంది రాకు."

లింగమూర్తి రాసిన రిపోర్టును ఆమె ముందుకు తోశాడు. ఆమె చదివింది.

'యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక్క మనిషి చాలు. ఆగిందని రాద్దామని ఇందుమతి గారు అడిగారు. నేను ఒప్పుకోలేదు.'